బాలమణి ర్యాంకు

ఫ్లెక్సీ మీద అశ్రిత ముఖం కంటే ఆమె తండ్రి ప్రతాప్ ముఖమే పెద్దగా ఉంది. పైన వరసగా గుండ్రటి చట్రాల్లో నాయకుల తలకాయలు. కింద కుడివైపు రెండు చేతులూ జోడించిన ప్రతాప్. ఎడమవైపు నిరుటి బతుకమ్మనాటి ఫోటోలోంచి కత్తిరించి తెచ్చిన అశ్రిత. ఆ కత్తిరింపులో ఒక చెవికమ్మ సగం ఎగిరిపోయింది. మధ్యలో పసుపుపచ్చ అక్షరాలు: 'జాతీయ స్థాయి లా పీజీ ప్రవేశ పరీక్షలో అఖిల భారత 9వ ర్యాంకు సాధించిన అత్వెల్లి ముద్దుబిడ్డ కుమారి అశ్రితకు హార్దిక శుభాకాంక్షలు.' అడుగున 'ప్రతాపన్న యువసేన'.

ఆ పరీక్ష జరగడానికి ఇంకా నెల పైనే ఉంది.

మేడ్చల్ నుంచి వస్తున్న షేర్ ఆటో సరిగ్గా దాని కిందే ఆగింది. డ్రైవర్ ఒకసారి పైకి చూశాడు, ఒకసారి అద్దంలోకి చూశాడు.

"ఏమ్మా, గా బొమ్మ నీదే గదా?"

వెనక సీట్లో అశ్రిత చున్నీ ముఖం మీదికి లాక్కుంది. పక్కన కూరగాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ముసలామె బయటికి వంగి చూసింది. "ఏడ? ఓహో, నువ్వేనా! తొమ్మిదంటే ఏంది బిడ్డా, తొమ్మిది మార్కులా?"

"మార్కులు గాదవ్వా, ర్యాంకు. దేశం మొత్తంల తొమ్మిదోది," అన్నాడు డ్రైవర్, తన ఇంటి పిల్ల గురించి చెప్పినట్టు.

"అబ్బో! గంత సదివి గీ డొక్కు ఆటోల ఎందుకొస్తున్నవే? మీ నాయినకు కారు లేదా?"

"నా ఆటో డొక్కుదా? దిగు, నడుసుకుంట పో!"

అందరూ నవ్వారు. అశ్రిత కూడా నవ్వింది. దిగి ఇంటి సందు తిరిగినా ఆ నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా దింపుకోవాలో ఆమెకు తెలియలేదు.

అయిదేళ్ల లా చదువు ముగించి అశ్రిత రెండేళ్లుగా ఈ పరీక్ష కోసమే చదువుతోంది. శామీర్‌పేటలోని లా యూనివర్సిటీలో ఎల్‌ఎల్‌ఎం సీటు కావాలి. తండ్రికీ అదే కావాలి. కరీంనగర్ రోడ్డు మీద ఆ గేటు ముందునుంచి వెళ్లినప్పుడల్లా ప్రతాప్ కారు నెమ్మదిగా పోనిచ్చేవాడు. "గీ గేట్లకెల్లి నా బిడ్డ లోపటికి పోవాలె. నేను బయట చాయ్ తాక్కుంట సూడాలె," అనేవాడు. భూములు అమ్మించడం, కొనిపించడం, వార్డు రాజకీయం తప్ప మరో సంగతి తెలియని ఆ మనిషికి గేటుకి అవతల ఉన్నదంతా గుడిలాంటిది. నిరుడు ఆమె పరీక్ష రాసింది. ర్యాంకు చాలా కిందికి వచ్చింది. ఎంత కిందికో ఇంట్లో ఎవరూ అడగలేదు. "జర్రంతల పోయింది," అని ప్రతాప్ తనంతట తానే అందరికీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత మెల్లగా చదువు సంగతి ఎత్తడమే మానేశాడు.

ఆ అడగకపోవడం అశ్రితకు తిట్ల కంటే కష్టంగా ఉండేది. తిట్టే మనిషి ఎదురు చూస్తున్నట్టు లెక్క. అడగని మనిషి ఆశ వదులుకున్నట్టు లెక్క.

ఈ ఏడాది పుస్తకాలు బీరువా ఎక్కాయి, ఫోన్ చేతికొచ్చింది. ఒక యాప్‌లో పాఠాలు, ఒకదాంట్లో తీర్పుల సారాంశాలు, మూడోదాంట్లో ప్రతి ఆదివారం దేశమంతా కలిసి రాసే మాక్ టెస్టు. మొదటి రెండూ క్రమంగా మూలపడ్డాయి. మూడోది మనిషిలా వెంటపడేది. పొద్దున పళ్లు తోముకుంటుంటే 'అశ్రితా, నీ కంటే ముందు చాలామంది నిద్ర లేచారు' అని మోగేది. అన్నం తింటుంటే 'నీ ప్రత్యర్థి నిన్ను దాటిపోయాడు' అనేది. ఆ ప్రత్యర్థి ఎవరో ఆమెకు తెలియదు. కానీ అన్నం సగంలో వదిలి ఫోన్ అందుకునేది.

ఆ టెస్టుకి ఒక గుణం ఉంది. రాసి పంపగానే జవాబులన్నీ తెరుచుకుంటాయి. ఒక్కో అకౌంటుకి ఒక్కసారే అవకాశం. ఒక ఆదివారం ఆమెకు టెస్టు ముట్టుకోవాలంటేనే భయమేసింది. ముందు ఊరికే ఒకసారి చూద్దాం, లెక్కలోకి రాకుండా, అనుకుంది. నాయనమ్మ ఫోన్‌కి ఓటీపీ తెప్పించి, 'బాలమణి' అన్న ఆమె పేరుతోనే కొత్త అకౌంటు తెరిచింది.

బాలమణికి సంతకం కూడా రాదు. ఆ వారం ఆమెకు దేశం మొత్తంలో పదకొండువేల చిల్లర ర్యాంకు వచ్చింది. మధ్యాహ్నం అవే ప్రశ్నలు అశ్రిత పేరు మీద రాస్తే నలభైలోపు వచ్చింది.

అలా మొదలైంది. మొదటిసారి చదివేది బాలమణి. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేది, రెండు జవాబుల మధ్య ఊగి ఊగి తప్పుదాన్ని పట్టుకునేది బాలమణి. ఆ గొడవంతా అయ్యాక అశ్రిత వచ్చేది, వంటలన్నీ అయ్యాక పంక్తిలో కూర్చునే చుట్టంలా. అన్నీ ఒప్పైతే అనుమానం వస్తుందని కావాలనే కొన్ని తప్పు పెట్టేది. ఏవి తప్పు పెడితే నమ్మకంగా ఉంటుందో అని ఆలోచించే ఆ కాసేపే ఆమె బుద్ధి నిజంగా పనిచేసేది.

ర్యాంకు తెర మీద పడే ముందు చిన్న చక్రం ఒకటి గిరగిరా తిరుగుతుంది. చూసి రాసిందని తనకు తెలుసు. అయినా ఆ చక్రం తిరుగుతున్నంతసేపూ గుండె దడదడలాడేది. అంకె కనబడగానే ఒళ్లంతా వెచ్చబడేది. మోసం చేసింది వేళ్లు, సంతోషపడింది గుండె. ఆ రెంటి మధ్యా మాటల్లేవు.

ఒకసారి యాప్ ఆఫీసు నుంచి ఎవరో అమ్మాయి నేరుగా నాయనమ్మకే ఫోన్ చేసింది. అవ్వ మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ స్పీకర్లో మాట్లాడింది.

"బాలమణి గారేనా మేడం? కొన్ని వారాలుగా మీ స్కోరు తగ్గుతోంది. ఏమైనా ఇబ్బందా?"

"నాది ఇంక పెరిగేటి వయసా బిడ్డా? తగ్గుడే ఉంటది."

"అలా నిరాశపడకూడదు మేడం. రోజుకి రెండు గంటలు గట్టిగా కూర్చుంటే..."

"కూసున్నంక లేసుడే గదనమ్మా నాకు పరేషాన్!"

అశ్రిత నవ్వుతూ ఫోన్ లాక్కుంది. అవ్వ చిక్కుడుకాయ చేతిలోనే పట్టుకుని మనవరాలిని తేరిపార చూసింది. "నా పేరు మీద ఏం సదువుతున్నవే?"

"లా, అవ్వా."

"పాసైతనా?"

అశ్రిత నవ్వు ఆగిపోయింది.

తొమ్మిదో ర్యాంకు వచ్చిన రోజు యాప్ బంగారు రంగు కార్డు ఒకటి తయారుచేసి ఇచ్చింది. ఆమె పేరు, చుట్టూ పూలదండ, 'ఆల్ ఇండియా ర్యాంక్ 9'. అంతకు ముందే తండ్రి భోజనానికి కూర్చుని, ఎదురుగా ఫోన్ పట్టుకుని ఉన్న కూతురి వంక చూడకుండానే లేచిపోయాడు. ఆమె ఆ కార్డుని వాట్సాప్ స్టేటస్‌లో పెట్టింది. అది ఒక్క మనిషి కోసమే పెట్టిన స్టేటస్. ఇప్పుడైనా అడుగుతాడేమో, గదిలోకొచ్చి 'ఏంది బిడ్డా గిది' అంటాడేమో అని.

ప్రతాప్ అడగలేదు. ర్యాంకంటే ర్యాంకే. ఈ రోజుల్లో అన్నీ ఫోన్లోనే అవుతున్నాయి, పరీక్ష కూడా ఫోన్లోనే అయిపోయి ఉంటుంది. బిడ్డకు చెప్పకుండా సంబరం చేయాలని నేరుగా ఫ్లెక్సీ కొట్టే షాపుకి పోయాడు.

ఇంటికొచ్చేసరికి వాకిట్లో చెప్పులు నిండుగా ఉన్నాయి. ప్రతాప్ అందరి ముందూ ఆమె తలమీద చెయ్యి పెట్టాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే పెట్టిన చెయ్యి. నోరు తెరిచి ఒక్క మాట చెప్పాల్సిన క్షణం అదే. చెప్పలేదు. అంత ప్రేమని వద్దనడానికి చాలా బలం కావాలి. ఆమె బలమంతా అంతకుముందే ఎక్కడో ఖర్చయిపోయింది.

మర్నాడు శామీర్‌పేటలోని స్టడీ హాలుకి వెళ్లింది. కింద టిఫిన్ సెంటర్, పైన చెక్కతో గూళ్లుగా కట్టిన గది. పక్క గూట్లో కూర్చునే శ్రీలేఖ రాజమండ్రి వైపు పిల్ల. తండ్రి ఉద్యోగరీత్యా వచ్చి ఇక్కడ కొత్త కాలనీలో ఇల్లు తీసుకున్నారు. ఆమెదీ అదే పరీక్ష, అదే యాప్.

"రావే తల్లీ! తొమ్మిదో ర్యాంకుని ఇంత దగ్గర్నుంచి చూడ్డం ఇదే మొదలు. ఏదీ, ఓసారి గిల్లనీ," అంటూ శ్రీలేఖ నిజంగానే గిల్లింది. ఆ గిల్లుడులో అసూయ లేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని ఫోన్ ముందుకి తోసింది. "ఇది చూడు. రాత్రంతా బుర్ర బద్దలు కొట్టుకున్నాను. నువ్వు 'బి' పెట్టి ఉంటావుగా. 'సి' ఎందుకు కాదు?"

ఏదో తీర్పులోంచి తీసిన పొడుగాటి పేరా. అశ్రితకు ఆ పేరా ఆకారం గుర్తుంది. జవాబు రెండో గీత మీద ఉండటం గుర్తుంది. దాని పక్కన వెలిగిన పచ్చరంగు గుర్తుంది. అందులో ఏముందో మాత్రం గుర్తులేదు. గుర్తులేకపోవడం కూడా కాదు, ఎన్నడూ తెలియదు.

"ఎలిమినేషన్లో పోయిన," అంది.

"అదే, ఎలా ఎలిమినేట్ చేశావు? 'సి'ని ఏ మాట పట్టుకుని కొట్టేశావు?"

ఫ్యాన్ తిరుగుతోంది. కింద పెనం మీద నీళ్లు చల్లిన చప్పుడు. అశ్రిత పేరా వంక చూస్తూ కూర్చుంది. అక్షరాలు ఇంగ్లీషువే, మాటలు తెలిసినవే. ఒక్కటీ పక్కదానితో చెయ్యి కలపడం లేదు.

శ్రీలేఖ కాసేపు చూసి మెల్లగా ఫోన్ వెనక్కి తీసుకుంది. "పోన్లేవే. టాపర్లు కిటుకులు చెప్పరని మా నాన్న అంటుంటే కొట్టిపారేసేదాన్ని."

"గట్ల గాదు, శ్రీలేఖా..."

"అయ్యో, తప్పని ఎవరన్నారు? నేనైనా అంతేనేమో."

ఆ రోజంతా శ్రీలేఖ తన గూట్లోంచి తల ఎత్తలేదు. తన అజ్ఞానాన్ని ఆమె గర్వమనుకుందని అశ్రితకు అర్థమైంది. అది పోగొట్టాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే, ముందు తండ్రికి చెప్పాలి.

సాయంత్రం ప్రతాప్ అత్వెల్లి అవతల కొత్తగా ప్లాట్లుగా కొలిచిన వెంచరు దగ్గర ఉన్నాడు. మొక్కజొన్న మోళ్లు ఇంకా నేలలోనే ఉన్నాయి. వాటి మధ్య పసుపు, ఎరుపు పూసిన హద్దురాళ్లు. కూతురు నడిచి రావడం చూసి కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏమాయె బిడ్డా? ఫోన్ చేస్తే నేనే రాకపోదునా?"

ఆమె చెప్పింది. నిలబడే, ఆగకుండా, నేల చూస్తూ చెప్పింది. అది అసలు పరీక్ష కాదని, యాప్‌లో ఆదివారం పెట్టే టెస్టని, అందులో కూడా జవాబులు ముందే చూసి రాసిందని, అవ్వ పేరు మీద వచ్చిందే తన అసలు ర్యాంకని. చెబుతున్నంతసేపూ చెంప మీద దెబ్బ కోసం చర్మం సిద్ధంగా ఉంది. ఆ దెబ్బ పడితే బతుకుతాననిపించింది.

ప్రతాప్ చుట్టూ చూశాడు.

"గీ ముచ్చట ఇంకెవలకన్న ఎర్కనా?"

"లేదు."

"అవ్వకు?"

"అవ్వకేం సమజ్ కాదు బాపూ."

"అయితే ఇగ పరేషాన్ గాకు." ఆయన గొంతులో కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. భుజం మీద చెయ్యేసి రోడ్డు వైపు నడిపించాడు. అక్కడ పెద్ద బోర్డు ఉంది, కొబ్బరిచెట్ల బొమ్మలతో. "గిది సూడు. నలభై ఫీట్ల రోడ్డు అని రాసినం. ఉన్నదా రోడ్డు? లేదు. ముందుగాల బోర్డు పెడ్తం, ఎన్క రోడ్డొస్తది. అందరు చేసేటిదే."

"రోడ్డు రాకపోతే?"

"ప్లాటయితే అమ్ముడుపోతది గదా!" అని నవ్వాడు. నవ్వుతూనే ఆమె ముఖం చూసి గొంతు తగ్గించాడు. "సదువుకో. ఇంక నెల ఉన్నదంటివి. బోర్డు పడ్డది, ఇగ రోడ్డేసుడు నీ వంతు. ఎంతైనా నా బిడ్డవు."

ఆ చివరి మాట ఎంతో మురిపెంగా అన్నాడు. వెలుతురు తగ్గుతున్న ఆ చేనులో అశ్రితకు ఒక సంగతి తెలిసింది. ఆమె ఒక తప్పు చెప్పుకోడానికి వచ్చింది. ఆయన దాన్ని తప్పుగా తీసుకోలేదు, తన పోలికగా తీసుకున్నాడు. క్షమించడానికి కూడా అవతలి మనిషికి అది తప్పనిపించాలి కదా. ఇక ఈ ఇంట్లో తనని క్షమించగల వాళ్లెవరూ లేరు.

ఆ రాత్రే యాప్ తీసేసింది. బీరువాలోంచి పుస్తకాలు దించింది. మూడు రోజులు కూర్చుంది. ఒక పేజీ చదివేది, అర్థం కాకపోతే మొదటికి వచ్చేది. అర్థం కానిచోట వెంటనే వేలు కదిలేది, కాగితం మీద ఎక్కడో నొక్కితే జవాబు విప్పుకుంటుందన్నట్టు. నిరుడు ఓడిపోయినా ఇలా లేదు. నిరుడు అర్థం కాని వాక్యంతో గంటసేపు కుస్తీ పట్టేది. గెలవకపోయినా పట్టు ఉండేది. ఇప్పుడు చేతుల్లో ఆ పట్టే పోయింది. నాలుగో రోజు యాప్ మళ్లీ పెట్టుకుంది. 'నువ్వొస్తావని తెలుసు!' అంది అది. మనిషెవరూ ఈ మధ్య ఆమెతో అంత చనువుగా మాట్లాడలేదు.

ఈలోగా ర్యాంకు ఊళ్లో తన కాళ్లమీద తాను నడవసాగింది. ప్రతాప్ ప్లాట్లు చూడ్డానికొచ్చిన వాళ్లకు చెప్పాడు, పెళ్లిళ్లలో చెప్పాడు, మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద చెప్పాడు. చెప్పేకొద్దీ దానికి కొమ్మలొచ్చాయి. "ఢిల్లీకెల్లి ఫోన్ గిట్ట వొచ్చింది, కానీ ఆడపిల్లను గంత దూరం ఎందుకని మన శామీర్‌పేటకే అన్న," అని ఒకరోజు హాల్లో కూర్చుని ఎవరితోనో అంటుంటే అశ్రిత గదిలోంచి విన్నది. ఆ గొంతులో ఎక్కడా తడబాటు లేదు. బాపు ఎంత బాగా అబద్ధమాడతాడో అనుకుంది. అప్పటికి అలాగే అనుకుంది.

పరీక్ష ఆదివారం మధ్యాహ్నం. ర్యాంకు ఖాయమైపోయింది, ఇది ఉత్త లాంఛనమని ప్రతాప్ ఊళ్లో చెప్పాడు. కొంపల్లి దాటాక ఏదో కాలేజీ. ఫోన్ గేటు బయటే ఇచ్చేయాలి. ఇచ్చేశాక ఆమె చెయ్యి చాలాసేపు ఊరికే వేలాడింది.

ప్రశ్నపత్రం తెరిచింది. మొదటి పేరా చదివింది. చివరికొచ్చేసరికి మొదలు పోయింది. మళ్లీ చదివింది. ఇది తను చేయాల్సిన పని కాదని లోపల ఏదో మొండిగా కూర్చుంది. ఇది బాలమణి చదవాల్సిన చదువు. ముందు బాలమణి వచ్చి తప్పులన్నీ చేసి వెళ్లాలి, ఆ తర్వాతే తన వంతు. బాలమణి రాలేదు. రాదని తెలిసినా మనసు ఆమె కోసం ఎదురు చూస్తూనే ఉంది, బస్సు వెళ్లిపోయిన స్టాపులో నిలబడ్డట్టు. చుట్టూ పెన్నుల చప్పుడు. అశ్రిత జవాబుపత్రం మీద కొన్ని వృత్తాలు నింపింది. ఏవి తప్పు పెడితే నమ్మకంగా ఉంటుందోనని ఒక క్షణం ఆలోచించి, తను ఆలోచిస్తున్నదేమిటో తెలిసి, బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది. ఆ తర్వాత ఏవి నింపిందో ఆమెకు తెలియదు.

బయట గేటు దగ్గర జనం. ముందు శ్రీలేఖ కనబడింది. తండ్రి కృష్ణారావు భుజం మీద తల పెట్టి బాహాటంగా ఏడుస్తోంది. "పోయింది నాన్నా, ఈసారీ పోయింది," అంటోంది. ఆయన "పోతే పోయిందిలేమ్మా, ఏదన్నా తిందువుగాని పద," అంటూ ఆమె వీపు నిమురుతున్నాడు. అలా అందరి ముందూ ఓడిపోగలగడం ఎంత భాగ్యమో అశ్రిత నిలబడి చూసింది.

ప్రతాప్ కారు పక్కన ఉన్నాడు. వెంట ఇద్దరు ముగ్గురు మనుషులు. కూతుర్ని చూడగానే వాళ్లను వదిలి ఎదురొచ్చి, మోచెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయాడు. ఇప్పుడు మాత్రం నిజం మాట్లాడుకుంటామనుకుంది అశ్రిత. ఎలా దాచాలో, ఊళ్లో ఏం చెప్పాలో ఈ మనిషితో కలిసి ఆలోచించవచ్చు. అబద్ధంలోనైనా ఒక తోడు ఉంది. ఆ ఊహకే ఆమెకు కళ్లనిండా నీళ్లొచ్చాయి.

ప్రతాప్ గొంతు తగ్గించాడు. "ఎట్ల రాసినవ్ బిడ్డా? నిజం చెప్పు. తొమ్మిది కంటె కిందికైతే పోదు గదా?"

ఆమె ఆయన కళ్లల్లోకి చూసింది. బేరం కుదిరేముందు మెరిసే ఆ చిన్న మెరుపు కోసం వెతికింది. లేదు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. మిగతా తండ్రులందరిలాగే మధ్యాహ్నం నుంచి ఎండలో నిలబడి ఉన్నాడు. మొక్కజొన్న చేనులో విన్నది ఈ మనిషి కాదు. ఆ మనిషి ఈ నెలలో ఏదో ఒక రోజున, ఎవరికో చెబుతూ చెబుతూ, తను చెప్పేది తనే నమ్మి వెళ్లిపోయాడు. అసలు సంగతి తెలిసిన మనిషి భూమి మీద ఇక తనొక్కతే.

"పోదు బాపూ," అంది.

ప్రతాప్ ఊపిరి వదిలి, "నాకెర్కే," అంటూ మనుషుల వైపు తిరిగాడు.